కుజుని మీద యంత్రం

మా సిరిసిల్లలో యంత్రం అంటే యంత్రం కాదు. బట్ట నేసేది సాంచె. నీళ్లు తోడేది మోటరు. పిండి పట్టేది గిర్ని. అంగీలు కుట్టేది మిషిను. పొద్దస్తమానం ఇన్ని ఆడుతున్నా వాటిలో ఒక్కదాన్ని కూడా ఎవరూ యంత్రం అనరు. యంత్రం అంటే రాగిరేకు మీద గళ్లు గీసి, మంత్రం చదివి, దండచేతికో మొలకో కట్టుకునేది. పదహారేళ్లు ఇదే ఊళ్లో సైన్సు చెప్పిన నాకు ఈ చిన్న ముక్క తట్టలేదు. అందువల్ల పంతొమ్మిది వందల డెబ్బయ్యారులో మా బావ కైలాసం ప్రాణం ఒకసారి దక్కబోయి, ఒకసారి పోబోయి, చివరికి దక్కింది.

నా పేరు అంబదాస్. నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటారు, అబద్ధమేమీ కాదు. ఎవరైనా పిల్లి ఎదురొచ్చిందని వెనక్కి తిరిగితే చాలు, నాకు ఒళ్లు మండిపోతుంది. అలాంటి నాకు దేవుడు, ఉంటే గింటే, ఏరికోరి కైలాసాన్ని బావగా ఇచ్చాడు. మా అక్క శంకరవ్వ మొగుడు. మంచివాడు. రెండు సాంచెలు నడిపేవాడు. సాంచె ఎక్కడ మూలిగినా చెవితో కనిపెట్టి బాగుచేసేవాడు. కానీ పన్నెండేళ్ల కింద ఊరూరూ తిరిగే జోస్యగాడొకడు వచ్చి, నీకు కుజుడు ఎనిమిదింట్లో ఉన్నాడు, ఒంటి మీద కత్తి పడితే గండం అని చెప్పిపోయాడు. పోతూ పోతూ ఒక రాగిరేకు దండకు కట్టి, దానికి మంత్రంతో జీవం పోశాననీ, ఆ జీవం పన్నెండేళ్లు ఉంటుందనీ అన్నాడట.

ఆ రోజు నుంచి బావ మంగలి కత్తి ముఖం చూడలేదు. గడ్డం బొడ్డు దాకా పెరిగింది. దారం తెంచాలంటే పళ్లతో కొరికేవాడు. కత్తిపీట ఉన్న మూలకు కూడా పోయేవాడు కాదు. వాళ్ల బిడ్డ నర్మద మా బళ్లోనే ఏడో తరగతికి వచ్చింది, గడ్డం కింద తండ్రి గదవ ఎలా ఉంటుందో ఎరగదు. నేను చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఊరుకున్నాను. గడ్డమే కదా, ఎవరి ప్రాణం పోయింది అనుకున్నాను.

ఆ జులై మొదటివారంలో బావకు కడుపులో నొప్పి లేచింది. మా దగ్గర ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారే, అది. మెలికలు తిరుగుతున్న మనిషిని జీపులో వేసుకుని కరీంనగర్ పెద్ద దవఖానకు పోయాం. డాక్టర్ ఉపేందర్‌రావు పొట్ట నొక్కి చూసి, సూదులు వేసి, పది రోజులు ఉంచుకుని నొప్పి తగ్గించాడు. పంపేటప్పుడు నన్ను పక్కకు పిలిచాడు. వాపు ఇప్పటికి అణిగింది కానీ పోలేదనీ, ఆరు వారాల తర్వాత తీసుకొస్తే కోసి ఆ పేగుముక్క తీసేస్తాననీ చెప్పాడు. తీయించకపోతే మళ్లీ లేస్తుంది. మళ్లీ లేచినప్పుడు అది లోపలే పగిలితే సిరిసిల్ల నుంచి ఇక్కడికి చేరేలోపే మనిషి దక్కకపోవచ్చన్నాడు.

బావ కోయించుకోను అన్నాడు. రాగిరేకు కట్టి పన్నెండేళ్లు ఆ ఏడే నిండాయి. దానికి మళ్లీ జీవం పోద్దామంటే ఆ జోస్యగాడు చచ్చిపోయాడు. సూదులు వేయించుకున్నావు కదా, అవి ఇనుము కాదా అని నేను అడిగితే, సూది గుచ్చుతది, కత్తి కోస్తది, రెండూ ఒకటెట్లయితయి అని నన్నే ఎదురడిగాడు.

పైగా ఆ ఏడు ఊళ్లో ఆపరేషన్ అన్న మాటకే విలువ లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనుషుల్ని తీసుకురమ్మని మా పంతుళ్లకు కూడా చెప్పిన రోజులవి. నేను బావ ఇంటి గడపలో నిలబడి ఆపరేషన్ అనగానే, పక్క సాంచెల మీద వాళ్లు పని ఆపి మరీ నవ్వేవాళ్లు. సారుకు కేసులు దొరకక సొంత బావను పట్టుకున్నడు అనేవాళ్లు. నాకు తిక్కరేగేది. అరిచేవాడిని. నేను అరిచినకొద్దీ బావ గడ్డం నిమురుకుంటూ సాంచె చప్పుడు వింటూ కూర్చునేవాడు. అక్క మాత్రం చాటుకు పోయి ఏడ్చేది.

ఇలా ఉండగా అమెరికావాళ్ల వైకింగు నౌక అంగారకుడి మీద దిగింది. పొద్దున రేడియోలో విని ఎగిరి గంతేశాను. మనిషి లేకుండా, నిరుడనగా బయలుదేరి, కోట్ల మైళ్లు పోయి, మూడు కాళ్ల మీద మెల్లగా దిగి, అక్కడి మన్నులో ప్రాణం ఉన్నదేదైనా ఉందా అని వెతకబోతున్న వస్తువు! బడికి పోగానే వార్తలు రాసే నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశాను. మొదట అంగారక గ్రహం అని రాసి, పిల్లలకు తెలియదేమోనని తుడిచేసి ఇలా మార్చాను: కుజుని మీద యంత్రాన్ని పెట్టిన అమెరికా. నా తెలివికి నా నెత్తిన నేనే మొట్టుకోవాలి.

నర్మద అది చూసి పోయి ఇంట్లో చెప్పింది. సాయంత్రం బావ సాంచెలు ఆపేసి తనంత తానే మా ఇంటికి వచ్చాడు. గడప దాటకుండానే అడిగాడు.

“కుజుని మీద యంత్రం పెట్టిండ్రట, నిజమేనా?”

“నూటికి నూరుపాళ్లు నిజం బావా.”

“మంచిగ పనిచేస్తుందా?”

“బ్రహ్మాండంగ చేస్తున్నది. శాస్త్రం తెలిసిన పెద్ద పెద్దోళ్లు ఏండ్లకేండ్లు కష్టపడి చేసిండ్రు దాన్ని.”

బావ తల ఊపాడు. శాస్త్రం తెలిసినోళ్లు అన్న మాట రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు. తర్వాత చాలా తేలిగ్గా, అయితే డాక్టర్ చెప్పిన రోజుకు దవఖానకు పోదాం అన్నాడు. సైన్సు గెలిచింది అనుకున్నాను. వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను. స్టాఫ్ రూములో టీ తాగుతూ, ఓపికగా చెబితే ఎంతటివాడైనా వింటాడని పాఠాలు కూడా చెప్పాను.

ఎనిమిదో రోజున అక్కవాళ్ల ఇంటికి పోయేసరికి, బావ తన దండ మీది రాగిరేకును పక్కింటాయనకు చూపిస్తున్నాడు. గిది కడితె నాకొక్కనికే కాపుదల, అమెరికోళ్లు ఏకంగ కుజుని నెత్తి మీదనే కట్టిండ్రు, ఇగ ఆయన లోకంల ఎవలనూ ఏం చెయ్యలేడు అంటున్నాడు.

నా నెత్తురు సలసలా కాగింది. నేను రాసిందేమిటి, వీళ్లకు చేరిందేమిటి! అక్కడే నిలబెట్టి అసలు సంగతి చెప్పబోయాను. అక్క నా రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

“నీ సైన్సు పెద్దదా తమ్మీ, నా పుస్తె పెద్దదా? ఆయన కాళ్ల మీద ఆయన దవఖానకు పోత అంటుండు. నువ్వు నోరు తెరిచినవంటె మళ్ల ఈ గడప తొక్కకు.”

నోరు మూసుకున్నాను. ఎంత కష్టమో నాకే తెలుసు. బావ వీధిలో ఎదురుపడి, యంత్రం బాగున్నదా అని పెళ్లికొడుకు సంగతి అడిగినట్టు అడిగేవాడు. బాగున్నది బావా అనేవాణ్ణి. నిజానికి అప్పుడప్పుడే రేడియోలో ఆశ పుట్టించే మాటలు వస్తున్నాయి. అంగారకుడి మన్ను మీద పోషక ద్రవం పోస్తే ఏదో గాలి బయటికి వచ్చిందట. అక్కడ జీవం ఉందని తేలితే నా అంత సంతోషించేవాడు జిల్లాలో ఉండడు. ఉండాలి, ఉండాలి అనుకుంటూ రోజూ వార్తలు వినేవాణ్ణి.

ఆగస్టు చివరివారంలో బావను దవఖానలో చేర్చాం. మర్నాడు పది గంటలకు ఆపరేషన్. పొద్దున ఎనిమిదింటికి దవఖాన మంగలి రాయమల్లు పళ్లెంలో సబ్బునీళ్లు, కత్తి పట్టుకుని వచ్చాడు. కోసే చోట వెంట్రుకలు తీయాలి కదా. బావ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అయినా కదలలేదు. పన్నెండేళ్ల తర్వాత ఒంటి మీదికి కత్తి వస్తుంటే ఆ మనిషి మంచం పట్టె పట్టుకుని పడుకున్నాడంటే, ఆ యంత్రం మీద ఎంత నమ్మకమో చూడండి. అక్క మంచం పక్కనే కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

సరిగ్గా అప్పుడే పక్క మంచం మీది భూమన్న పేపరు తెరిచాడు. కాలు విరిగి పడుకున్న చొప్పదండి రైతు, కంటబడ్డ ప్రతి అక్షరాన్నీ పైకి చదివే అలవాటు. బావ యంత్రం సంగతి రాత్రే వార్డంతటికీ చెప్పి ఉన్నాడు. భూమన్న పేపరు మీద వేలు పెట్టి, నీ యంత్రం వార్త వచ్చిందే అంటూ గట్టిగా చదివాడు.

“కుజునిపై అమెరికా యంత్రం. జీవం లేదు.”

బావ కళ్లు తెరిచాడు. పొట్ట మీద సబ్బు నురగతోనే లేచి కూర్చున్నాడు. రాయమల్లు కత్తి వెనక్కి లాక్కోకపోతే అప్పుడే గండం నిజమయ్యేది. బావ కాళ్లు కిందికి దించి చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టాడు. నాకు అర్థమయ్యేసరికి ఒక నిమిషం పట్టింది. యంత్రంలో జీవం లేదు. పన్నెండేళ్లు నిండిన తన రాగిరేకు లాగా కుజుని మీది యంత్రం కూడా చచ్చిపోయింది. ఆయన విన్నది అది.

“ఇంటికి పోదాం నడువు” అన్నాడు అక్కతో. అక్క కదల్లేదు. నా వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

నర్సు పరుగెత్తి డాక్టర్‌ను పిలుచుకొచ్చింది. ఉపేందర్‌రావు విసుక్కున్నాడు. ఇష్టం లేనివాణ్ణి కట్టేసి కోయలేననీ, పోతానంటే సంతకం పెట్టి పొమ్మనీ, కానీ రాత్రి నుంచి మళ్లీ వాపు పెరుగుతోందనీ, ఈసారి నొప్పి లేస్తే తన దగ్గరికి శవాన్ని తేవద్దనీ అన్నాడు. పది గంటల దాకా చూస్తానని పోయాడు.

నేను అప్పటివరకు పుట్టి బుద్ధెరిగి మూఢనమ్మకం కోసం అబద్ధం ఆడలేదు. ఆ పొద్దు ఆడదామనే నోరు తెరిచాను. ఇంకో యంత్రం వస్తోంది బావా, వారంలో అదీ దిగుతుంది, దానికి నిండా జీవం ఉంది అని చెప్పేద్దామనుకున్నాను. రెండోది నిజంగానే వస్తోంది కూడా. కానీ ఆపుకున్నాను. రేపు దానికీ ఇదే వార్త వస్తే? కుట్లు ఆరకముందే ఎవడో ఇంకో భూమన్న చదివితే? భూమన్న చేతిలోంచి పేపరు గుంజుకుని నేనే చదివాను. చదువుతుంటే నా కళ్ల ముందు ఉన్నదే నాకు కనబడింది. ఇన్ని రోజులు ఆ నిజాన్నే నేను దాచిపెట్టుకుని తిరుగుతున్నాను, వెర్రివాడిలా.

“బావా, కూసో” అన్నాను. అరిచాననే చెప్పాలి. “జీవం లేనిది యంత్రంల కాదు. కుజునిల.”

బావ ఒక చెప్పు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని ఆగాడు.

చెప్పడం మొదలుపెట్టాను. అది రాగిరేకు కాదు, నీ సాంచె లాంటి మిషిను అన్నాను. ఎవరూ మంత్రం చదవలేదు, ఇనుము కోసి బోల్టులు బిగించి చేశారు. దానికి ఒక చెయ్యి ఉంది. ఆ చేత్తో కుజుడి ఒంటిని గోకి, పిడికెడు మన్ను తీసింది. తీసి తిండి పెట్టి చూసింది, ఏదైనా ముట్టుతుందా, ఊపిరి తీస్తుందా అని. బావ సాంచె మనిషి కదా, మిషిను అనగానే చెవి ఇటు పెట్టాడు. కరెంటు ఎక్కడిదన్నాడు, లోపలే ఉందన్నాను. నడిపేదెవరన్నాడు, ఇక్కడి నుంచే నడుపుతున్నారన్నాను.

“తిండి పెట్టి చూసిండ్రా? పిట్టకు పెట్టినట్టు?”

మా దగ్గర మనిషి పోయిన మూడో రోజున అన్నం వండి బయట పెట్టి, పిట్ట ముట్టేదాకా కాచుకుని కూర్చుంటారు. ఆ ఆచారాన్ని ఎన్నిసార్లు వెక్కిరించానో లెక్కలేదు. ఆ రోజు దానికి దండం పెట్టాను.

“అట్లనే బావా. పిట్టకు పెట్టినట్టే పెట్టి, దినాలకు దినాలు కాసుకున్నరు.”

“ఎవలూ ముట్టలేదా?”

“ముట్టలే. ఆడ ఎవలూ లేరు. కుజుడంటే ఉత్త ఎర్రమన్ను. ఒకనిమీద పగ పట్టాలంటె ముందుగాల వానికి పానం ఉండాలె గద. పానమే లేనోడు నీ పానం ఎట్ల తీస్తడు?”

బావ పొట్ట మీద నురగ ఆరిపోయింది. చివరికి చేతిలోని చెప్పును కింద పెట్టాడు, కాలి చెప్పును కూడా విడిచాడు.

“పన్నెండేండ్లు ఉత్త మన్నుకు భయపడ్డనారా” అని మంచం మీద వెనక్కి ఒరిగాడు. తర్వాత రాయమల్లు వైపు చూసి, గీకు అన్నాడు.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. ఆ వార్తలో కింద చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. మన్ను నుంచి మొదట వచ్చిన గాలి సంగతి ఇంకా తేలలేదనీ, జీవం ఉండే అవకాశం ఉందని కొందరు శాస్త్రవేత్తలు ఇప్పటికీ అంటున్నారనీ. ఆ వాక్యం లోపలికి పోయేలా పేపరును మడిచి జేబులో పెట్టుకున్నాను. భూమన్న పేపరు అడిగితే ఇవ్వలేదు. సాయంత్రం కొత్తది కొనిస్తానని చెప్పి, కొనివ్వలేదు కూడా. నెల రోజులుగా అంగారకుడి మీద ప్రాణి ఉండాలని మొక్కుకున్నవాణ్ణి, ఆ గంటలో మాత్రం అక్కడ పురుగన్నా ఉండొద్దని కోరుకున్నాను.

పది గంటలకు లోపలికి తీసుకుపోయారు. పదకొండున్నర దాకా నేనూ అక్కా వరండాలో కూర్చున్నాం. ఉపేందర్‌రావు చేతులు తుడుచుకుంటూ వచ్చి, అయిపోయింది, బాగున్నాడు అన్నాడు. తీసిన ముక్క బొటనవేలంత ఉబ్బి ఉందట. ఇంకో రెండు రోజులు ఆగితే పగిలేదట. అక్క నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఆ రోజు ఎవరి మీదా కోపం రాలేదు. నాకది కొత్త.

కుట్లు తీసిన రోజున బావ రాయమల్లును మళ్లీ పిలిపించాడు. గడ్డం మొత్తం తీసేయమన్నాడు. నర్మదను ఊరి నుంచి తీసుకొచ్చి వార్డు తలుపు దగ్గర నిలబెట్టాను. మంచం మీది మనిషిని చూసి ఆ పిల్ల నా వెనక దాక్కుంది. బావ నవ్వి పేరు పెట్టి పిలిచాక గొంతు గుర్తుపట్టింది. మెల్లగా పోయి, తండ్రి గదవ మీద వేలు పెట్టి చూసింది. అక్కడ ఒక సొట్ట ఉంది, అచ్చం నర్మదకున్నట్టే. అది చూసి అక్క ఇంకోసారి ఏడ్చింది.

ఇంటికి బయలుదేరే ముందు బావ నన్ను దగ్గరికి పిలిచాడు. అన్నీ మూటకట్టి ఉన్నాయి, జీపు వచ్చి ఆగింది. ఆయనకు ఏదో అనుమానం మిగిలినట్టుంది. ఎవరైనా ఆ చిన్న అక్షరాలు చదివి వినిపించారేమో అనుకున్నాను.

“గా మిషిను ఇంకా ఆడనే ఉన్నదా?”

“ఆడనే ఉన్నది.”

“పని అయిపోయింది గద. వాపసు తేరా?”

“తేరు బావా. తెచ్చే తొవ్వ లేదు. ఇగ ఆడనే ఉంటది.”

“నూనె ఎవలు పోస్తరు దానికి?”

ఎవరూ పొయ్యరు అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. బుద్ధి తెలిసినప్పటి నుంచి మిషిన్ల మధ్యే బతికినవాడు, పక్కన మనిషి లేకుండా ఆడే మిషిను ఆయన ఊహకు అందలేదు. పళ్లతో ముడి విప్పి, దండ మీది రాగిరేకు తీశాడు. పన్నెండేళ్లుగా అది ఉన్న చోట చర్మం తెల్లగా ఉంది. దాన్ని తెచ్చి నా అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

“నాకెందుకిగ. తొవ్వ ఉంటె దానికి కట్టేది ఉండె. పాపం, ఒక్కతే ఉన్నది.”